బోరింగుకు కట్టిన తీగ

ఆ తీగ నేనే కట్టాను. మా ఆయన కట్టాడని కొందరు, మా వాడ వాళ్లంతా కలిసి కట్టుకున్నారని కొందరు ఇప్పటికీ అంటుంటారు. నా మీద జాలితో అనే మాటలవి. ఆ జాలి నాకక్కర్లేదు. ఉపాయం నాది, చేతులు నావి, పదిమందిలో చెప్పుకొని మురిసిపోయిన నోరు కూడా నాదే.

నా పేరు భీమవ్వ. ఎడపల్లి దాటాక రోడ్డు పక్కన పదకొండు ఇళ్ల చిన్న వాడ మాది. ఆడవాళ్లందరం బీడీలు చుట్టేవాళ్లమే. మా ఆయన బాలనర్సయ్య బోధన్లో నీళ్ల మోటార్లు బాగుచేసే షాపులో పనిచేస్తాడు. పక్కిల్లు మా తోటికోడలు లింగవ్వది. మా బావ పోయి చాలా ఏళ్లయింది. ఆమె కొడుకు ముత్యం ఇందల్వాయి దగ్గర హైవే మీద దాబాలో వంట చేస్తాడు, నెలకో రెండు నెలలకో వచ్చిపోతాడు. అక్క ఒక్కతే ఉండేది. మా రెండిళ్లకూ మధ్య గోడ ఒక్కటే. నేను ఇటు దగ్గితే అటు నుంచి "అల్లం నమలు" అనేది.

పగలు నాట్లకో కలుపుకో పోయి, సాయంత్రం చాట ముందేసుకొని కూర్చునేవాళ్లం. ఆకు చుట్టడానికి వెలుగు పెద్దగా అక్కర్లేదు, వేళ్లకే తెలుస్తుంది. దారం కట్టే దగ్గరే కళ్లు కావాలి. ముడి జారిన బీడీని కార్ఖానాలో గుమాస్తా పక్కకు పారేస్తాడు. కాబట్టి మా బతుకంతా ఆ నెత్తి మీది బల్బులో ఉండేది.

ఆ బల్బుకు రెండు వేల ఒకటిలో తెగులు పట్టింది. ఎండాకాలం గాలిదుమారానికి మా వాడకు వచ్చే రెండు తీగల్లో ఒకటి తెగి పడింది. పడ్డ తీగను తెల్లారేసరికి ఎవరో ఎత్తుకుపోయారు. కరెంటుకు రెండు తీగలుండాలట, ఒకటి తెచ్చేది, ఇంకొకటి తీసుకుపోయేది. మాకు తెచ్చేది మిగిలింది, తీసుకుపోయేది పోయింది. అర్జీలు పెట్టాం, తిరిగాం, చెప్పులరిగాయి. చివరికి ఎవరింటి వెనక వాళ్లు ఇనుప కమ్మి ఒకటి భూమిలో దిగ్గొట్టి, రెండో తీగ బదులు దానికి కట్టుకున్నారు. దాన్ని ఎర్తు అనేవాళ్లం. భూమే కరెంటును తీసుకుపోయేది. అయితే భూమి తడిగా ఉంటేనే తీసుకుపోతుంది, ఎండితే మొండికేస్తుంది. అందుకని పొద్దుగూకే వేళకు ప్రతి ఇంటి ఆడమనిషీ చెంబెడు నీళ్లు తెచ్చి కమ్మి మొదట్లో పోసేది. లోపల బల్బు ఒక్కసారిగా తెల్లబడేది. ఇల్లూడ్చినట్టు, పొయ్యి అంటించినట్టు అదీ ఒక పనైపోయింది మాకు.

మరుసటి ఏడు వానలు మొండిచెయ్యి చూపాయి. మృగశిర పోయింది, ఆరుద్ర పోయింది, మబ్బు వచ్చినట్టే వచ్చి పోయింది. ఆ తర్వాతి ఏడూ అంతే. మా చుట్టుపక్కల పొలాలు కాలువ కింద పొలాలు. కోస్తా నుంచి తాతల నాడు వచ్చి స్థిరపడ్డ రైతులవి. బోర్లు వేసుకునేవాళ్లను చూసి పాపం అనుకునేవాళ్లు వాళ్లు. కాలువ అడుగున గొర్రెలు పడుకున్నాక వీరరాఘవయ్య గారి చెరుకు తోటలో మొదటి బోరు బండి దిగింది. ఏడాది తిరిగేసరికి బోర్లకు లెక్క తప్పింది. వాళ్లనేం అనగలను, చెరుకు కళ్లముందు ఎండుతుంటే నేనైనా అదే చేస్తాను. పైగా కాలిపోయిన మోటార్లన్నీ మా ఆయన పనిచేసే షాపుకే వచ్చేవి. వాన పడకపోయిన కొద్దీ మా ఇంట్లో పని పెరిగింది. అప్పుడు దాని గురించి నాకేమీ అనిపించలేదు.

నీళ్లు తగ్గేసరికి కమ్మి మొదట్లో పోసే చెంబుకు చెయ్యి రాలేదు. భూమి పగుళ్లిచ్చింది. బల్బులో తీగ మాత్రం ఎర్రగా కనబడేది, దాని కింద పట్టిన చెయ్యి కనబడేది కాదు. ఒక సోమవారం గుమాస్తా నా కట్టలు విప్పి, ఆడవాళ్లందరి ముందూ సగానికి సగం పక్కకు పారేసి, "కండ్లు మూసుకొని చుట్టినవా?" అన్నాడు. ఇరవై ఏళ్లుగా నా బీడీకి వంక పెట్టినవాడు లేడు. ఒళ్లంతా మంటెత్తింది.

ఆ సాయంత్రం బోరింగు కొడుతుంటే తట్టింది. వాడ నడుమ సిమెంటు గద్దె మీద ఉన్న చేతి బోరింగు మాది. దాని ఇనుప పైపు ఎక్కడో పాతాళంలో నీళ్లలో మునిగి ఉంటుంది. నేను జానెడు కమ్మికి చెంబుతో నీళ్లు పోస్తూ కూర్చున్నాను, ఇక్కడ వందడుగుల కమ్మి నీళ్లలోనే నిలబడి ఉంది! ఇంట్లోకి పరుగెత్తి తీగ చుట్ట తెచ్చాను. మా ఆయన వచ్చేలోపు బోరింగు కాలికి గట్టిగా చుట్టి కట్టాను. స్విచ్చు వేస్తే ఇల్లు పెళ్లిల్లయింది. గోడ మీద పాకే చీమలు కూడా కనబడ్డాయి.

మా ఆయన వచ్చి చూసి కాసేపు గడ్డం గోక్కున్నాడు. "నీల్లున్నన్ని దినాలు ఏం గాదు" అన్నాడు. ఆయన ఏదీ గట్టిగా అనే మనిషి కాదు. నేను ఆ మాటలో చివరి సగమే విన్నాను.

వారంలో పది ఇళ్ల తీగలు బోరింగుకు చేరాయి. అన్నీ నేనే కట్టాను. నన్ను లైన్‌మన్ భీమవ్వ అని పిలిచేవాళ్లు, నేను కసురుకునేదాన్ని, లోపల మాత్రం తియ్యగా ఉండేది. పదకొండో ఇల్లు లింగవ్వది. ఆమె ఒప్పుకోలేదు.

"తాగే నీల్ల కాడ కరెంటు వద్దు చెల్లె" అంది. అంతకు మించి కారణం చెప్పలేకపోయింది. చెప్పలేదు గనక నాకు లోకువైంది. పాతకాలపు బుర్ర అన్నాను, కుళ్లు అన్నాను. ఆమె తన చెంబు తాను పోసుకుంటూ, తన గుడ్డి వెలుగులో తాను చుట్టుకుంటూ ఉండిపోయింది.

నేనక్కడితో ఆగితే బాగుండేది. సోమవారం సోమవారం కార్ఖానాకు చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లందరూ వస్తారు. బీడీలు అప్పజెప్పి ఆకూ తంబాకూ తీసుకునేదాకా అరుగు మీద వరసగా కూర్చుంటాం. నా బీడీలు మళ్లీ ఒక్కటీ పోకుండా నెగ్గడం చూసి అందరూ అడిగారు. నేను చెప్పాను. దాచుకోలేదు సరికదా అడగనివాళ్లకు కూడా చెప్పాను. వాళ్ల ఊళ్లలోనూ ఇదే గోస, ఎర్తులు ఎండి బల్బులు గుడ్డివయ్యాయి. కాలువ అవతలి ఊరి శ్యామలమ్మ అయితే రెండు వారాలు అడిగింది. తీగ ఎన్ని చుట్లు చుట్టాలి, తుప్పు గీకాలా అని. మూడోవారం నేలమీద వేలితో గీసి చూపించాను. ఆమె నాకు కొంగులో మూటగట్టి మక్కప్యాలాలు తెచ్చిపెట్టింది.

రెండు వేల నాలుగు ఎండాకాలం వచ్చింది. బోరింగు నూటయాభై సార్లు కొడితే బిందె నిండేది. ట్యాంకరు వచ్చి ఇంటికి రెండు బిందెలు పోసిపోయేది. అప్పుడు కూడా లింగవ్వ సాయంత్రం చెంబు పట్టుకొని వెనక్కి పోవడం నా కంటబడింది. నాలో ఏదో తెగింది. వెనకాలే పోయి చెంబు లాక్కున్నాను. నలుగురూ చేరారు.

"మనుషుల గొంతులెండుతుంటే మన్నుకు తాపుతవా అక్కా?" అన్నాను.

అందరూ నా వైపే మాట్లాడారు. ఆశన్న అనే మా వాడ పెద్దమనిషి కూడా తప్పు ఆమెదే అన్నాడు. లింగవ్వ ఖాళీ చేతుల్ని చీరకు తుడుచుకుంది, చేతులకు తడి లేకపోయినా. "కట్టు మరి. నీ ఇష్టం" అంది. నేను అప్పుడే కట్టాను. ఆమె ఇంట్లో బల్బు వెలిగితే, నెగ్గినదాన్ని నేను కదా, గడపలో నిలబడి చూసి వచ్చాను.

రోహిణి కార్తెలో బోరింగు గాలి ఊదింది. తర్వాత అదీ లేదు. అదే వారం పదకొండు బల్బులూ మళ్లీ ఎర్రబడ్డాయి. నాకెందుకు తెలియలేదో ఇప్పటికీ నా బుర్రకు ఎక్కదు. నీళ్లు పోయాయని తెలుసు, వెలుగు పోయిందని తెలుసు, రెండూ పక్కపక్కనే కళ్ల ముందున్నాయి. నేను ముళ్లు వదులయ్యాయనుకున్నాను. పట్టకారు తెచ్చి పదకొండు ముళ్లూ గట్టిగా బిగించాను.

ఒక సాయంత్రం ట్యాంకరు నడిపే నర్సన్న బోరింగుకు చెయ్యి ఆనించి బీడీ ముట్టించుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. జుమ్మన్నదని అన్నాడు. కాళ్లకు రబ్బరు చెప్పులున్నాయి అతనికి. "పొద్దంత ఎండకు కాగిన ఇనుము, జుమ్మనక సల్లగుంటదా" అని నవ్వాను. అతనూ నవ్వాడు. పగలు దాన్ని ముట్టుకున్నవాళ్లకు ఏమీ అయ్యేది కాదు, ఎందుకంటే పగలు బల్బులు వెయ్యం. చీకటి పడ్డాక నీళ్లు లేని బోరింగు దగ్గరికి ఎవరూ పోరు. అలా పది పన్నెండు రోజులు గడిచిపోయాయి.

మృగశిర వచ్చిన మూడో రోజు మధ్యాహ్నం నుంచి వాన దంచికొట్టింది. మూడేళ్ల వాన ఒక్కరోజే పడిందనిపించింది. ఆడవాళ్లం చీరలు తడుస్తున్నా బయటే నిలబడ్డాం. వానకు కరెంటు పోయింది. సాయంత్రం ఆరు దాటాక వాన వెలిసింది, మబ్బుకు చీకటి తొందరగా కమ్మింది. అందరి ఇళ్లలో స్విచ్చులు వేసే ఉన్నాయి, కరెంటు వస్తే వెలుగుతాయని.

ఎవరో అన్నారు, బోరింగులో నీళ్లూరి ఉంటాయి, కొట్టి చూద్దామని. ఎండిన బోరింగును మొదటిసారి కొట్టేముందు దాని నోట్లో బిందెడు నీళ్లు పోస్తాం. వాడలో పెద్దామె ముందు చెయ్యి వెయ్యాలి, అది మా పద్ధతి. ఆ పద్ధతి అందరికీ గుర్తుంది గానీ, లింగవ్వను పిలిచింది నేను. చెంబు లాక్కున్న రోజు నుంచి ఆమె నాతో సరిగా మాట్లాడలేదు. గోడ అవతలి నుంచి మాట రాక నాకు ఇల్లు తోచడం లేదు. ఈ వంకతోనైనా కలుపుకుందామని చెయ్యిపట్టి తీసుకొచ్చాను.

"నువ్వే ముందు కొట్టక్కా. నీ చెయ్యి సల్లని చెయ్యి" అన్నాను.

ఆమె నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వింది. చెప్పులు గద్దె కింద విడిచి ఎక్కింది. నేను బిందెడు నీళ్లు పోశాను. అవి గద్దె మీద పొర్లి ఆమె కాళ్లు తడిపాయి. రెండు చేతులతో పిడి పట్టుకొని కొట్టసాగింది. నేను ఖాళీ బిందె పట్టుకొని రెండడుగులు వెనక్కి జరిగాను.

కరెంటు వచ్చింది. పదకొండు ఇళ్లలో ఒక్కసారి వెలుగొచ్చింది. అందరం ఓ అని అరిచాం సంతోషంతో. నేను మా ఇంటి వైపు తిరిగి చూశాను, బల్బు బాగా వెలుగుతోందని సంబరపడ్డాను. ఆ సంబరం ఎంతసేపో, నాలుగు ఊపిర్లంతసేపు ఉంటుందేమో. మళ్లీ ఇటు తిరిగితే లింగవ్వ బోరింగు కొట్టడం లేదు. పిడిని పట్టుకొని దాని మీదికి వంగి ఉంది. భుజాలు వణుకుతుంటే నవ్వుతోందనుకున్నాను. దేవుడి మీద ఒట్టు, నవ్వుతోందనే అనుకున్నాను.

మా ఆయన ఒక్కడికే అర్థమైంది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి గొంతు చించుకొని, ఎవరూ ముట్టుకోవద్దని అరుస్తూ వచ్చాడు. ఎండు రోకలితో బోరింగు కాలికున్న తీగల్ని కొట్టి కొట్టి తెంపాడు. ఒక్కో దెబ్బకు ఒక్కో ఇంట్లో దీపం ఆరిపోయింది. చివరి తీగ తెగాక అక్క చేతులు వదిలాయి. పడింది. గుండెల మీద ఒత్తాం, నోట్లో ఊదాం, అరికాళ్లు రుద్దాం. ప్రాణం లేదు.

నాకు ఏడుపు రాలేదు. ఖాళీ బిందె ఇంకా నా చంకలోనే ఉందని ఎవరో వచ్చి తీసుకున్నప్పుడు తెలిసింది. మా ఆయన ఎవరికో చెప్తున్నాడు. నీళ్లలో పైపు మునిగి ఉన్నంతకాలం కరెంటు భూమిలోకి దిగిపోయేదట. నీళ్లు లోతుకు పోయాక పైపు గాలిలో వేలాడింది. చుట్టూ ప్లాస్టిక్ పైపు. దిగే దారి లేక కరెంటు ఆ ఇనుములోనే నిలబడి ఉంది, ఎవరు చెయ్యి వేస్తారా అని. ఇవాళ గద్దె తడిసి పైపైన దారి దొరికింది, బల్బులు వెలిగాయి, ఆ దారిలోనే అక్క నిలబడింది. ఇవాళ్టి వాన అంత లోతుకు ఎక్కడ దిగుతుంది?

ఆ రాత్రే ఆశన్న నలుగురినీ కూర్చోబెట్టి తేల్చేశాడు. తీగలన్నీ చుట్టేసి దాచేయాలి. లింగవ్వకు గుండె ఆగింది. కరెంటని బయటపడితే కేసవుతుంది, ఉన్న ఒక్క తీగా పీకేస్తారు, భీమవ్వ జైలుకు పోతుంది. అందరూ సరే అన్నారు. నన్ను కాపాడుతున్నామనుకున్నారు. నేను తలెత్తి కాదనలేదు. రాత్రికి రాత్రే తీగలు మాయమయ్యాయి. పొద్దున్నే ముత్యం వచ్చాడు, గుండె ఆగిందంటే విన్నాడు, దహనం చేశాడు.

ఎనిమిది రోజులు నోరు మూసుకున్నాను. తొమ్మిదో రోజు ఆదివారం. మర్నాడు కార్ఖానాకు పోవాలని తునికాకు కట్టలు సర్దుతుంటే, నేలమీద వేలితో గీసిన గీత గుర్తొచ్చింది. మా వాడ తీగలు తీసేశాం. మరి మిగతా ఊళ్లలో? నా నోటి మాట పట్టుకొని ఎన్ని బోరింగులకు కట్టారో. అన్ని ఊళ్లలోనూ ఇదే కరువు, అన్ని బోరింగులూ ఎండినవే. వాన పడింది గనక అందరూ ఒకసారి కొట్టి చూస్తారు. రాత్రంతా కూర్చునే ఉన్నాను.

చెప్పాలంటే ముందు ముత్యానికి చెప్పాలి. తెల్లవారుతుండగా పోయాను. గుండు చేయించుకున్న తలతో గడపలో కూర్చొని ఉన్నాడు. నేను చంకనెత్తుకొని తిప్పిన పిల్లవాడు, నా చేతి ముద్దలు తిని పెరిగినవాడు. నిలబడే చెప్పాను, కూర్చుంటే చెప్పలేనని.

"మీ అవ్వకు గుండె ఆగలే ముత్యం. బోరింగుకు కరెంటు కట్టింది నేను. కొట్టమని చెయ్యివట్టి తీసుకపోయింది గూడ నేనే."

అతను తలెత్తలేదు. "ఎర్కే చిన్నమ్మ" అన్నాడు. "అవ్వ అరచేతులు సూసిన. ఎవలు చెప్తరో అని సూస్తున్న."

తిట్టినా బాగుండేది. కార్ఖానాలో కూడా చెప్పబోతున్నానని, ఆ తర్వాత పోలీసులొచ్చినా రానీ అని చెప్పి వచ్చేశాను. వెనక నుంచి ఆశన్న పిలుస్తున్నా ఆగలేదు.

కార్ఖానా అరుగు నిండా ఆడవాళ్లు. నన్ను చూడగానే లింగవ్వ గుండె జబ్బు గురించి అయ్యో పాపం అన్నారు. నేను చాట కింద పెట్టి, లోపలి గుమాస్తాకు కూడా వినబడేలా మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. "మా అక్కను సంపింది గుండె గాదు, నేను. ఇంటికి పోంగనే తీగలు తెంపుండ్రి. బల్బులు బంద్ జేసినంకనే తెంపుండ్రి. మీ బోరింగుల నీల్లున్నయా లేవా అని సూడొద్దు" అన్నాను.

ఇద్దరు ముగ్గురు చాటలు అక్కడే వదిలి బస్సు కోసం పరుగెత్తారు. వాళ్లు లేచిన చోట, గోడకు ఆనుకొని శ్యామలమ్మ కనబడింది. మూడు వారాలుగా ఆమె కార్ఖానాకు రాలేదు, ఆ సంగతి నాకు తట్టనే లేదు. చేతులకు గాజులు లేవు. నుదుటన బొట్టు లేదు.

ఆమె లేవలేదు, గొంతు పెంచలేదు. ఒడిలో ఆకు కత్తిరిస్తున్న కత్తెర ఆపి నా వైపు చూసింది.

"మొన్న రోయిని కార్తెల మా ఆయిన బోరింగు కాడ పడిపోయిండు. నీల్లేమన్న ఎక్కినయా సూసొస్త అని పోయిండు. ఎండలు గట్లున్నయి గదా, వడదెబ్బ అన్నరు అందరు. నేను గూడ అదే అనుకున్న." కత్తెర చాటలో పెట్టింది. "దీపాలు పెట్టినంక పోయిండు భీమవ్వా. పొద్దుగూకినంక వడదెబ్బ తగులుతదా?"

అందరూ నా వైపే చూస్తున్నారు. తగలదని చెప్పాను.